స్వామి కోసిన నిమ్మకాయ, అమ్మ మానేసిన మాత్రలు

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. ఏడు నెలల కింద నాన్న గుండెపోటుతో పోయారు. అమ్మకి 58 ఏళ్ళు, షుగరు, బీపీ ఉన్నాయి. పక్క మండలంలో ఉన్న ఒక స్వామి దగ్గరికి రెండు నెలలుగా ప్రతి మంగళవారం పోతోంది. ఆయన నిమ్మకాయ కోస్తే రక్తం కారిందట, కొబ్బరికాయ మీద నీళ్ళు చల్లితే మంట లేచిందట. "మీ ఆయనది మామూలు చావు కాదు, చేయించారు. ఆయన రక్తసంబంధమే, పడమటి దిక్కున ఉన్నారు" అన్నాడట. అప్పటి నుంచి అమ్మ మా మేనత్తతో మాట్లాడటం మానేసింది. దోషం తీయడానికి 85 వేలు అడుగుతున్నాడు. మూడు వారాలుగా మాత్రలన్నీ మానేసి ఆయన ఇచ్చిన పొడి వేసుకుంటోంది, ఒంటిపూట భోజనం చేస్తోంది. అన్నయ్య కోప్పడితే "అక్కడ మీ నాన్న నాకు కనిపించాడు, నువ్వేం చూశావని మాట్లాడతావు" అంది. అయితే అమ్మ ఇప్పుడు నిజంగానే నయంగా ఉంది. నిద్రపోతోంది, ఆకలిగా తింటోంది. అదంతా మోసమని చెప్పి ఆ కాస్త మనశ్శాంతి కూడా నేనే తీసేయాలా?

జవాబు: తీసేయక్కర్లేదు. మీ ఉత్తరంలో నాలుగు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి: మాత్రలు, డబ్బు, మేనత్త, నాన్న కనిపించడం. మొదటి మూడూ ఆ స్వామి చేతిలోంచి వెనక్కి లాక్కోవలసినవి. నాలుగోది అసలు ఆయనది కానే కాదు, మీ అమ్మది. దాని జోలికి పోకండి. మీ అన్నయ్య అన్నిటికంటే ముందు దాని మీదే పడ్డారు, అందుకే తలుపులు మూసుకున్నాయి.

డబ్బు, మేనత్త సంగతి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు. మాత్రల సంగతి ఆగదు. రేపు పొద్దున అమ్మ ఏమీ తినకముందు గ్లూకోమీటరుతో షుగరు చూడండి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూడండి. మీటరు లేకపోతే ఊళ్ళో ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి. షుగరు 300 దాటి, దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మగత వీటిలో ఏది ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బీపీ పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటి, తలనొప్పో ఛాతీనొప్పో ఆయాసమో చూపు మసకబారడమో ఉన్నా అంతే. అవేమీ లేకపోతే రేపో ఎల్లుండో అమ్మకి ఎప్పుడూ మందులు రాసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి. అది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, "మొన్న చూస్తే బాగానే ఉందిగా" అనే వాదనకి తావుండదు.

పాత చీటీ చూసి మీరే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టకండి. కారణం ఆ ఒంటిపూట భోజనం. షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తాయి. రోజుకి ఒక్కపూట తినే మనిషి పాత మోతాదు వేసుకుంటే షుగరు అమాంతం పడిపోతుంది. ఒళ్ళంతా చెమట, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, అర్థం లేని మాటలు. పొగ, డప్పుల చప్పుడు మధ్య ఇది జరిగితే చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మవారు పూనిందని బొట్టు పెట్టి దండం పెడతారు తప్ప చక్కెర నీళ్ళు పట్టించరు. మాత్రలు మానకముందు మంగళవారాల్లో ఆమె ఉపవాసంతో అక్కడికి వెళ్ళి ఉంటే, ఆ రోజుల్లో చెమట పట్టి ఊగిందేమో మెల్లగా కనుక్కోండి. షుగరు 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహలో లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే.

బీపీ మాత్రల్లో ఎటినలాల్, మెటప్రొలాల్ రకం ఉంటే డాక్టరుకి ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. వాటిని ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ రెండూ ఎగబాకుతాయి.

ఇక ఆ పొడి. పొట్లంతో సహా డాక్టరుకి చూపించండి. ఇలాంటి పొడుల్లో మూడు రకాల ప్రమాదం ఉంటుంది. కొన్నిట్లో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ నూరి కలుపుతారు: రెండు మూడు రోజుల్లో ఒళ్ళునొప్పులు మాయమవుతాయి, ఆకలి విపరీతంగా పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, షుగరు మాత్రం బాగా పెరిగిపోతుంది. కొన్నిట్లో నిద్రమాత్ర కలుస్తుంది. భస్మం పేరుతో ఇచ్చేవాటిలో సీసం, పాదరసం ఉండవచ్చు. మీరు "నిద్రపోతోంది, ఆకలిగా తింటోంది" అని రాశారు. ఆ రెండూ స్వామి దగ్గరికి వెళ్ళడం మొదలైనప్పటి నుంచా, పొడి మొదలైన నాటి నుంచా? తేదీలు గుర్తుచేసుకుని చూడండి. పొడి తర్వాతే అయితే అనుమానించవలసిందే. ఒక జాగ్రత్త: స్టెరాయిడ్ మూడు వారాలకి పైగా ఒంట్లోకి వెళ్ళి ఉంటే ఒక్కరోజులో ఆపినా ప్రమాదమే. విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగవచ్చు. కాబట్టి పొట్లం లాక్కుని పారబోయకండి. డాక్టరే ఆపించాలి.

అమ్మని ఆసుపత్రికి ఒప్పించేటప్పుడు స్వామి పేరే ఎత్తకండి. "పూజ నీ ఇష్టం అమ్మా. కానీ నాన్నకి ముందు పరీక్షలు చేయించలేదని నాకు ఇప్పటికీ కుమిలిపోతోంది. నీకు చేయించకపోతే నాకు నిద్రపట్టదు" అనండి. వాదనకి లొంగని తల్లులు కూడా ఈ మాటకి లేచి చెప్పులేసుకుంటారు.

ఇప్పుడు అద్భుతాల సంగతి. వీటిలో కొత్తవేమీ లేవు. దశాబ్దాలుగా బి. ప్రేమానంద్ వంటి హేతువాదులు, విజయవాడ నాస్తిక కేంద్రం, జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి చేసి చూపించినవే. నిమ్మకాయ రక్తం వెనక ఉన్నది మందార పువ్వు. ఎర్ర మందార రేకుల్ని చాకు అలుగుకి రెండు వైపులా బాగా రుద్ది ఆరనిస్తారు. ఆరాక అలుగు మీద కాస్త ఊదారంగు చార తప్ప ఏమీ కనిపించదు. దానితో పులుపున్న కాయ కోస్తే ఆ రంగు ఆమ్లం తగిలి ఎర్రగా మారి రసంతో పాటు బొట్లుబొట్లుగా కారుతుంది. బాగా రావాలంటే కాయ రసం ఎక్కువున్నదై ఉండాలి, రేకులు వాడనివై ఉండాలి, కోసేటప్పుడు చాకుని నిదానంగా ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఒక్క వేటుకి కోస్తే రంగు సరిగా దిగదు. మంత్రం చదువుతూ నెమ్మదిగా కోయడం భక్తి కోసం కాదు, రంగు కోసం. కొందరు మందారకి బదులు బడి ల్యాబుల్లో ఉండే మిథైల్ ఆరెంజ్ ద్రావణం పూస్తారు, అదీ ఆమ్లంలో ఎర్రబడుతుంది. "నిమ్మకాయ నేనే ఇంటినుంచి తీసుకెళ్ళాను కదా" అని అమ్మ అనవచ్చు. నిజమే, నిమ్మకాయ మీదే. చాకు ఎవరిది?

ఈ ఒక్క ప్రశ్న మిగతా వాటికీ పనికొస్తుంది. చూపు నిలిచే వస్తువు మీ చేత తెప్పిస్తారు, పనిచేసే వస్తువు వాళ్ళ దగ్గర ఉంటుంది. కొబ్బరికాయ మంటలో కాయ మీరు తెచ్చిందే అయినా పీచు సర్దేది వాళ్ళు. పీచులో సోడియం లోహపు చిన్న తునక దాస్తారు. నీళ్ళు తగలగానే అది హైడ్రోజన్‌ని విడుదల చేస్తుంది, పుట్టే వేడికి ఆ వాయువు, పీచు అంటుకుంటాయి. హోమగుండంలో అగ్గిపుల్ల లేకుండా మంట పుట్టించేది ఇంకో పద్ధతి: పుల్లల కింద పొటాషియం పర్మాంగనేట్ పొడి, పైన నెయ్యి అని చెప్పి గ్లిసరిన్. పోసిన వెంటనే అంటుకోదు, కొన్ని సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలోనే గొంతు పెంచి మంత్రం చదువుతారు. ఈ రెండూ మీరు ఇంట్లో ప్రయత్నించకండి. సోడియం చిమ్మి కంట్లో పడితే చూపు పోతుంది, అది కరిగిన నీళ్ళు చర్మాన్ని కాలుస్తాయి.

పగలగొట్టిన కొబ్బరికాయలోంచి పూలు, వెంట్రుకలు, ఎర్రనీళ్ళు రావడం కూడా మీ అమ్మ చూసి ఉండవచ్చు. కాయకి ఉన్న మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. దాన్ని సూదితో పొడిచి, నీళ్ళు కొంత తీసి, రంగో మల్లెమొగ్గలో లోపలికి పంపి, మైనంతో మూసి, పైన పీచు దువ్వేస్తారు. అందుకే ఆ కాయ ఎప్పుడూ ఆశ్రమం ముందున్న కొట్లోనే కొనాలి. అరచేతిలోంచి విభూతి రాలడానికి బూడిదని గంజితో కలిపి ఉండలు చేసి ఎండబెట్టి బొటనవేలి మొదట్లో ఇరికించుకుంటే చాలు, నలిపితే పొడి అవుతుంది. పటం నుంచి విభూతి రాలడం అంత అమాయకమైనది కాదు. అల్యూమినియం చట్రానికి మెర్క్యురిక్ క్లోరైడ్ పూస్తే బూడిదలాంటి తెల్లపొడి పైకి పొంగుతుంది. అందులో పాదరస విషం ఉంటుంది. ఎవరు ఏ పటం నుంచి తీసి ఇచ్చినా అమ్మ నోట్లో వేసుకోకుండా చూడండి.

కామెర్లకి మంత్రం వేసేవాళ్ళు రోగి చేతులు కడిగితే నీళ్ళు పచ్చబడటం చూపిస్తారు. మామిడి బెరడు రసం ముందే తన చేతులకి రాసుకుని సున్నపు తేటలో రోగి చేతుల్ని రుద్దుతాడు, అంతే. కామెర్లు చాలాసార్లు హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌ల వల్ల వస్తాయి. అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. తగ్గని వాళ్ళు, పసరు కంట్లో పిండించుకుని కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కరు కాబట్టి అక్కడ కూర్చున్న వారందరూ నయమైనవాళ్ళే కనిపిస్తారు. మీ స్వామి దగ్గర క్యూలో వినిపించే కథలన్నీ ఇలా వడపోసినవే. మండలం దీక్ష అంటే 41 రోజులు. నడుంనొప్పి, దద్దుర్లు, నిద్రలేమి, దుఃఖపు తొలి ఉధృతి, ఇలా వచ్చి పోయేవి సగం ఆ గడువులోనే కాస్త సర్దుకుంటాయి. మనిషి బాగా బాధలో ఉన్నప్పుడే స్వామి దగ్గరికి వెళ్తాడు. ఆ అట్టడుగు నుంచి ఎటు కదిలినా మెరుగే.

అయితే ఈ చిట్టా అంతా ఈ రాత్రే అమ్మ ముందు విప్పితే "దొంగ స్వాములు అలా చేస్తారేమో, మా స్వామి అలాంటివాడు కాదు" అంటుంది. మొదటి రోజు రుజువులు చూపించడం దాదాపు ఎప్పుడూ ఎదురుతంతుంది. రెండు మూడు వారాలు గడిచాక ఒక ఆదివారం మీ పిల్లల్నో పక్కింటి పిల్లల్నో పిలిచి, సైన్సు ఆట అని చెప్పి వంటింట్లో మొదలుపెట్టండి. ముందు పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం. ఎరుపెక్కుతుంది, హారతికి, దిష్టికి ఎన్నోసార్లు తన చేత్తో కలిపినవే కాబట్టి అమ్మకిది తెలుసు. తర్వాత అందులో నిమ్మరసం పిండండి. ఎరుపు పోయి మళ్ళీ పసుపవుతుంది. ఇది చాలామంది చూసి ఉండరు, ఆశ్చర్యపోతారు. ఆపైన మందార రాసిన చాకుని పిల్లల చేతికిచ్చి నిమ్మకాయ కోయించండి. ఇక్కడ నోరు కట్టుకోవాలి. "చూశావా అమ్మా" అన్నారంటే మొత్తం పాడు. ఆమె అడిగితే మందార పువ్వని చెప్పండి, అడగకపోతే గిన్నెలు కడిగేసి ఊరుకోండి. స్వామి దగ్గరికి వెళ్ళి అందరి ముందు సవాలు చేయడం అసలే వద్దు. "నమ్మకం లేనివాళ్ళు ఉంటే దేవత పలకదు" అంటాడు, చుట్టూ ఉన్న భక్తులు మీ మీద చేయి చేసుకున్నా ఆశ్చర్యం లేదు. వెళ్ళాలనుకుంటే వచ్చే మంగళవారం అమ్మకి తోడుగా వెళ్ళి మౌనంగా కూర్చోండి. ఏమిచ్చారు, ఎంత అడిగారు, ముందుగా ఎవరు మాట కలిపారు అన్నది గమనించండి. ఆడవాళ్ళని ఒంటరిగా లోపలికి పిలవడం, అమావాస్య రాత్రి అక్కడే నిద్ర చేయమనడం ఉంటే అమ్మని ఇక ఒంటరిగా పంపకండి.

ముందుగా మాట కలిపేవాళ్ళని గమనించమన్నది ఊరికే కాదు. ఇంటి సంగతులు స్వామికి ఎలా తెలుస్తాయో అక్కడ కనిపిస్తుంది. టోకెన్ రాసే కుర్రాడు, ఆటో అతను, క్యూలో పక్కన కూర్చుని "ఏం కష్టమమ్మా నీది" అనే ముసలామె. అమ్మ గంటసేపు చెప్పుకున్నదే లోపల దివ్యదృష్టిగా తిరిగి వినిపిస్తుంది. మిగిలినదాన్ని మాట నేర్పు పూరిస్తుంది. "ఆయన రక్తసంబంధమే, పడమటి దిక్కు" అన్న మాట చూడండి. ఏ ఇంటికైనా ఏదో ఒక చుట్టం పడమర ఉంటారు. పోయిన మనిషి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో పొలం దగ్గరో పెళ్ళి దగ్గరో ఏదో ఒక మనస్పర్థ ఉండే ఉంటుంది. ఆయన ఖాళీ వదిలాడు, మీ అమ్మ పేరు నింపుకుంది. కోపం లేని ఒక పూట చూసి, "స్వామి అత్త పేరు చెప్పాడా అమ్మా, నువ్వే అనుకున్నావా?" అని ఒక్కసారి అడగండి. జవాబు కోసం ఒత్తిడి చేయకండి.

ఈ మేనత్త వ్యవహారం మీరు అనుకుంటున్నదానికన్నా పెద్దది. చేతబడి చేశారన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన, కాల్చి చంపిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. చాలావాటికి మొదలు ఇలాంటి పేరులేని వేలెత్తి చూపడమే. ఆ మాట ఇల్లు దాటకూడదు. బోరింగు దగ్గర, సంఘం మీటింగులో అమ్మ అనేసి ఉంటే ఎవరితో అందో తెలుసుకుని మీరే వెళ్ళి "దుఃఖంలో అన్నమాట, పట్టించుకోకండి" అని సర్దండి. ఎవరైనా అత్త ఇంటి మీదికి వెళ్తామని, పంచాయితీ పెడతామని అంటే ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి.

అసలు మీ అమ్మ ఆ మాట నమ్మడానికి ఒక ఖాళీ కారణం. మీ నాన్న ఎందుకు పోయారో ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టించుకుని శవాన్ని అప్పగించి ఉంటారు. "నిన్నటిదాకా బాగున్న మనిషి ఎలా పోయాడు" అన్న ప్రశ్నకి మొదట జవాబిచ్చినవాడు ఆ స్వామే. కేసు షీటు, ఈసీజీ కాగితాలు ఉంటే తీసుకుని, లేకపోతే ఆసుపత్రి నుంచి నకళ్ళు అడిగి తెచ్చుకుని, తీరిక ఉన్న డాక్టరు దగ్గర అమ్మని కూర్చోబెట్టండి. గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టంలో గడ్డకట్టడం, ముందు రోజుల్లో వచ్చిన మంట, చెమట, భుజంనొప్పి వీటి అర్థం, ఎంతసేపట్లో ఏం జరుగుతుంది అన్నది తెలుగులో బొమ్మ గీసి చెప్పమనండి. "నువ్వు అప్పుడు అలా చేసి ఉంటే బతికేవాడు" అన్న మాట మాత్రం రాకుండా డాక్టరుకి ముందే చెప్పి ఉంచండి. అద్భుతాల గుట్టు విప్పడం కంటే ఈ అరగంటే ఎక్కువ పనిచేస్తుందని మా లెక్క.

డబ్బు విషయంలో నేరుగా వద్దనకండి. వద్దంటే "సగంలో ఆపితే దోషం తిరగబడుతుంది, కొడుకు మీదికి వస్తుంది" అనే బెదిరింపు మొదలవుతుంది. మీకు ఒక మంచి వెసులుబాటు ఉంది. నాన్న పోయి ఏడు నెలలే అయింది. చాలా ఇళ్ళలో ఏటి సూతకంలో సంవత్సరీకం అయ్యేదాకా కొత్త పూజలు, దీక్షలు పెట్టుకోరు. మీ ఇంట్లో ఆ ఆచారం ఉంటే మీ పురోహితుడి చేతనో ఇంటి పెద్దల చేతనో ఆ మాట అమ్మకి చెప్పించండి. ఐదు నెలలు గడువు దొరుకుతుంది. ఈలోగా బంగారం బ్యాంకు లాకరులోకి, పొలం పాసు పుస్తకం మీ చేతికి రావాలి. నగలు కుండలో పెట్టి పూజ చేస్తాం, మూటకట్టి 41 రోజులు తెరవకూడదు అన్నారంటే ఆ గడువు దేవుడు పెట్టింది కాదు. మూట మార్చేసి వాళ్ళు ఊరు దాటడానికి పెట్టుకున్నది.

ఏ కొంచెం ఇవ్వవలసి వచ్చినా నగదు వద్దు, యూపీఐలో పంపి స్క్రీన్‌షాట్ ఉంచండి. షుగరు శాశ్వతంగా పోగొడతామని స్వామి కరపత్రమో వీడియోనో వేసి ఉంటే దాచండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద మంత్రాలు, తాయెత్తులతో మధుమేహం లాంటి జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు. దైవాగ్రహం కలుగుతుందని భయపెట్టి పని చేయించుకోవడం భారతీయ న్యాయ సంహితలో 354వ సెక్షన్, మోసం 318వ సెక్షన్. ఫిర్యాదు ఎప్పుడు చేయాలన్నది మీ ఇష్టం. అమ్మ ఇంకా ఆయన పక్షాన ఉండగా చేస్తే ఆమె సాక్ష్యం ఆయనకే పనికొస్తుంది. మందులు మాన్పించి ప్రాణం మీదికి తెచ్చాడని తేలితే మాత్రం ఆగకండి.

చివరికి మీరు నిజంగా అడిగిన సంగతి. నాన్న కనిపించడం అబద్ధం కాదు, పిచ్చీ కాదు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో డెవీ రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి అడిగితే దాదాపు సగం మంది పోయినవారి సన్నిధి తెలిసిందనో, కనిపించారనో, గొంతు వినిపించిందనో చెప్పారు. అది ఓదార్పుగా ఉందన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామంది అంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు కూడా. వాళ్ళకి స్వామీ లేడు, నిమ్మకాయా లేదు. ఏళ్ళ తరబడి పక్కన ఉన్న మనిషిని మనసు అంత తేలిగ్గా వదలదు, అంతే. మీ అమ్మకి ఇది ఇంట్లోనూ జరిగి ఉండవచ్చు. "నాన్న ఎలా కనిపించాడమ్మా? ఏ చొక్కా వేసుకున్నాడు? ఏమన్నా అన్నాడా?" అని అడిగి కూర్చుని వినండి. ఏడు నెలల్లో ఆమెని నాన్న గురించి ఇలా అడిగినవాళ్ళు ఆ ఆశ్రమంలో తప్ప ఇంకెక్కడైనా ఉన్నారా? ఆమెకి నయమైనదాంట్లో పెద్ద భాగం అదే అయి ఉంటుంది: వారానికోసారి ముస్తాబై బయటికి వెళ్ళడం, తనలాంటి ఆడవాళ్ళ మధ్య కూర్చోవడం, ఎవరో తలమీద చెయ్యి వేసి "తగ్గుతుంది" అనడం. భర్త పోయిన ఆడమనిషిని పేరంటాలకి పిలవరు, శుభకార్యాల్లో ముందుకు రానివ్వరు. అక్కడ మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టారు. ఈ కోపం స్వామి మీద కంటే మన మీద మనకి రావాలి.

ఒళ్ళు జలదరించడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, తేలిపోతున్నట్టుండటం అక్కడ జరిగాయంటే వాటికి దారి చాలా మామూలుది. గంటల తరబడి ఉపవాసం, సాంబ్రాణి పొగ, డప్పుల లయ, గట్టిగా వేగంగా నామం చెబుతూ ఊపిరి పీల్చి వదలడం. అలా వేగంగా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి వస్తుంది, వేళ్ళు కొంకర్లు కూడా పోతాయి. దీనివల్ల ఆ అనుభవం చౌకబారుది అయిపోదు, ఆ స్వామి సొత్తు కాదని మాత్రం తేలుతుంది. కాబట్టి మంగళవారాన్ని ఖాళీగా వదలకండి. ఊళ్ళో భజన బృందం ఉంటే అందులో కలపండి, గుళ్ళో ప్రసాదం వండే పని ఇప్పించండి, నడవగలిగితే రోజూ సాయంత్రం ఎవరితోనైనా అరగంట నడిపించండి. పడుకునే ముందు పది నిమిషాలు, నాలుగు లెక్కపెట్టే సేపు ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టే సేపు వదలడం నేర్పండి. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైనవి బీపీ అదుపులోకి వచ్చేదాకా వద్దు. ఎవరో ఒకరు విపశ్యన ధ్యాన శిబిరానికి పంపమంటారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం ఉంది, రుసుం అడగరు, బోధన మంచిదే. కానీ పది రోజులు మౌనంగా, రోజుకి సుమారు పది గంటలు కూర్చోవాలి. కొత్త దుఃఖం, అదుపు తప్పిన షుగరు ఉన్న మనిషికి ఈ ఏడాది అది తగదు. చేతులు తాకకుండా శక్తి పంపేవాళ్ళ గురించి ఒకటే మాట: మాత్రలు మానమననంత వరకు, అప్పు చేయించనంత వరకు పోట్లాడకండి.

నాన్న కనిపించి వెళ్ళిపోతున్నంత కాలం కంగారు అక్కర్లేదు. ఆయన గొంతు "నా దగ్గరికి వచ్చెయ్" అని పిలుస్తోందని అన్నా, ఫలానావాళ్ళని శిక్షించమని చెబుతోందని అన్నా, రాత్రుళ్ళు నిద్రలేకుండా తిరుగుతున్నా, తిండి మానేసినా మానసిక వైద్యుడికి చూపించాలి. 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరుకి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న మాట నోట వచ్చినరోజు ఆమెని ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి.

సంవత్సరీకానికి ఇంకా ఐదు నెలలుంది కదా, మేనత్తకి ఇప్పుడే మీరు ఫోన్ చేయండి. జరిగిందంతా చెప్పనక్కర్లేదు, "అమ్మ మనసు బాగాలేదు అత్తా, నువ్వు ఏమీ అనుకోకు, ఆరోజు మాత్రం తప్పకుండా రావాలి" అంటే చాలు. మీ నాన్న చిన్నప్పటి సంగతులు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కావచ్చు. పిండివంటల పని ఇద్దరికీ కలిపి అప్పగించండి, మధ్యలో మీరు ఉండండి. అన్నయ్యని ఆ రోజు స్వామి ఊసెత్తవద్దని ముందే కట్టడి చేయండి.